ఆడలేక మద్దెల ఓడా? చెన్నైలో గంటల అద్దె పియానో, కప్రాలోవా ‘ఏప్రిల్ ప్రిల్యూడ్లు’

వడపళని నుంచి సాలిగ్రామం వైపు వెళ్లే దారిలో, ఒక మందుల దుకాణం పై అంతస్తులో, పియానోను గంటల లెక్కన అద్దెకు ఇచ్చే చిన్న సాధన కేంద్రం ఒకటి ఉంది. గడచిన అక్టోబరు మొదటి వారం నుంచి మార్చి నెలాఖరు వరకు, వారానికి రెండు గంటల చొప్పున, నేను అక్కడ ఒకే ఒక్క కృతిని సాధన చేశాను. అది చెక్ స్వరకర్త వీత్యెస్లవా కప్రాలోవా 1937లో ఒంటి పియానో కోసం రాసిన ‘ఏప్రిల్ ప్రిల్యూడ్లు’. ప్రిల్యూడు అంటే ఇక్కడ ఒక చిన్న సంగీత రచన. ఈ కేంద్రం గురించి ఇంతకుముందు అభిప్రాయాలు రాసినవారు ఏసీ బాగుందని, బండి పెట్టుకోవడానికి చోటు లేదని, యజమాని మర్యాదస్తుడని రాశారు గాని, అక్కడి పియానో ఎలా పలుకుతుందో ఒక్కరూ రాయలేదు. పియానో కోసం వెళ్లేవాళ్లకు కావలసింది ఆ ఒక్క ముక్కే కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. యజమానికీ నాకూ మధ్య ఒక గంట అద్దె లెక్క ఇంకా తేలలేదు. ఈ స్థితిలో పేరు పెట్టి రాస్తే సమీక్ష కాస్తా తగాదాలా కనబడుతుంది.

ముందుగా కృతి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సమీక్షలో కొలబద్ద అదే. స్వరకర్త రచనల వరుసలో ఓపస్ 13గా లెక్కకెక్కిన ఈ నాలుగు ప్రిల్యూడ్లు అన్నీ కలిపి తొమ్మిది నిమిషాలకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. రాసేనాటికి కప్రాలోవాకు ఇరవై రెండేళ్లు. చెక్ దేశపు బ్ర్నో నగరంలో పుట్టి, అక్కడి కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చదువు ముగించి, ప్రాగ్ వెళ్లి నొవాక్ దగ్గర స్వరరచన, తాలిఖ్ దగ్గర వాద్యబృంద నిర్వహణ నేర్చుకున్న కాలం అది. కృతిని ఆమె రుడాల్ఫ్ ఫిర్కుష్నీ అనే పియానిస్టుకు అంకితమిచ్చింది. ఫిర్కుష్నీ చిన్నతనంలో పేరున్న చెక్ స్వరకర్త యానాచెక్ దగ్గర నేర్చుకున్నవాడు. కప్రాలోవా తండ్రి వాత్స్లావ్ కప్రాల్ కూడా యానాచెక్ శిష్యుడే. తండ్రి కప్రాల్ అయితే కూతురు కప్రాలోవా ఎలా అయిందని మా ఇంట్లో అడిగారు. చెక్ భాషలో ఇంటిపేరుకు కూడా స్త్రీలింగ ప్రత్యయం చేరుతుంది, అంతకు మించి అందులో విశేషం లేదు.

చెక్ వారు ఏప్రిల్‌ను ‘దుబెన్’ అంటారు. ఐరోపా దేశాల్లో చాలామంది వాడే లాటిన్ పేరు కాకుండా, ‘దుబ్’ అనే సిందూర వృక్షం పేరు మీద కట్టుకున్న సొంత పేరు అది; మనకు చైత్రం, వైశాఖం ఉన్నట్టే వాళ్లకు నెలలకు సొంత పేర్లున్నాయి. మార్చిలో పొయ్యి వెనక్కి దూరతాం, ఏప్రిల్‌లోనూ అక్కడే ఉంటాం అని వాళ్లకొక సామెత కూడా ఉంది. ఈ సామెత తెలియక ముందు నేను ‘ఏప్రిల్’ అన్న మాట చూసి ఉగాదిని, కొత్త చిగుళ్లను, కోయిలను ఊహించుకుని మొదటి ప్రిల్యూడు వాయించబోయాను. అందులో కోయిల లేదు. పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం ఈదురుగాలి వీచి, సాయంత్రానికి మళ్లీ మంచు రాలినా ఆశ్చర్యపడనక్కరలేని నెల అది. చెన్నైలో ఏప్రిల్ అంటే ఫ్యాను కింద నుంచి కదలబుద్ధి కాని నెల. ఆ నెల ఈ నెల ఒకటి కాదని గ్రహించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

స్వరలిపి సంపాదించడం కష్టమేమీ కాలేదు. కప్రాలోవా 1940లో మరణించింది. మన దేశపు కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్లు గడిస్తే రచన అందరిదీ అవుతుంది కాబట్టి, 2000 సంవత్సరం ముగిసేనాటికే ఈ కృతి ఇక్కడ స్వేచ్ఛగా అచ్చువేసుకోదగినదైంది. మా వీధి చివరి జెరాక్స్ దుకాణంలో ముద్రించి స్పైరల్ బైండింగ్ చేయించాను. దుకాణంలోని కుర్రాడు రెండో ప్రిల్యూడు పుటలను తలకిందులుగా గుచ్చి, ‘ఏ వైపు చూసినా ఒకలాగే ఉంది కదా అక్కా’ అని నవ్వాడు. మొదటి ప్రిల్యూడు విషయంలో అతని మాటను పూర్తిగా తోసిపుచ్చలేను.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. నెల్లూరులో చిన్నప్పుడు ఏడేళ్లు వీణ నేర్చుకున్నాను, ఉద్యోగరీత్యా చెన్నై చేరాక పెద్ద వయసులో పియానో మొదలుపెట్టి, పిల్లల వరుసలో కూర్చుని ఎనిమిదో గ్రేడు పరీక్ష దాటాను. ఇంట్లో ఎనభై ఎనిమిది మెట్ల డిజిటల్ పియానో ఉంది, దానికి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అర్ధరాత్రి దాకా వాయించుకోవచ్చు. అయితే డిజిటల్ పియానోకు శ్రుతి తప్పడం అనేదే తెలియదు. దాని స్వరం ఎప్పుడో ఎవరో ఒక మంచి గదిలో మంచి పియానో మీద రికార్డు చేసిపెట్టిన స్వరం. వానాకాలమైనా ఎండాకాలమైనా అది మారదు. అందుచేత శ్రుతి తప్పిన పియానో ఎలా ఉంటుందో అక్టోబరు వరకు నాకూ తెలియదు.

కేంద్రంలో రెండు గదులున్నాయి. మొదటి గదిలో గోడకు ఆనించి నిలువు పియానో ఉంది, గంటకు రెండు వందల యాభై రూపాయలు. రెండో గదిలో తీగలు అడ్డంగా పరచి ఉండే, మధ్యరకం కొలత గల గ్రాండ్ పియానో ఉంది, గంటకు నాలుగు వందల యాభై. గ్రాండ్‌కు ఎనిమిది గంటల అద్దె ఒకేసారి చెల్లిస్తే మూడు వేల రెండు వందలకు ఇస్తారు. నేను ఆ పద్ధతిలోనే తీసుకున్నాను. గ్రాండ్ ఉన్న గది చిన్నది, మూత పూర్తిగా తెరిస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. గోడలకు అట్టపెట్టెల రంగు ఫోమ్ పలకలు అతికించారు, అయినా ఎదురుగా ఉన్న ఆటో స్టాండు లోపలికి బాగానే వినబడుతుంది. కూర్చునే బెంచీ ఎత్తు సవరించే మర ఒకవైపు అరిగిపోయినందువల్ల మడత పెట్టిన వార్తాపత్రికను ఒక కాలి కింద పెట్టారు. మూత తెరవగానే నాఫ్తలీన్ ఉండల వాసన కొడుతుంది. అది నాకు చెడ్డ గుర్తుగా తోచలేదు. చిమ్మట పురుగులు తీగలను కొట్టే సుత్తుల మీది ఉన్ని ఫెల్టును తినకుండా ఎవరో జాగ్రత్త పడుతున్నారన్నమాట. కిందికి వంగి చూస్తే తీగల మోతను పెంచే చెక్క పలక, అంటే శబ్దఫలకం అడుగున చిన్న కరెంటు బల్బు ఒకటి మినుకుమినుకుమంటూ కనబడింది. తేమను తరిమేందుకు పియానోలో బల్బు వెలిగించి ఉంచడం సముద్రతీరపు ఊళ్లలో పాత అలవాటు.

మొదటి ప్రిల్యూడును కాస్త వేగంగా, అతివేగం కాకుండా వాయించమని స్వరకర్త సూచన. వినబడేది మాత్రం వేగం కన్నా బరువు. రెండు చేతుల నిండా స్వరాలు గుంపులుగా వచ్చి పడతాయి, ఒక గుంపు మరో గుంపుతో పొత్తు కుదరకుండానే దాటిపోతుంది. వీణ మీద షడ్జాన్నీ శుద్ధ రిషభాన్నీ ఒకేసారి మీటితే ఎలా ఉంటుందో ఊహించండి. ఇక్కడ అటువంటి రాపిడి క్షణక్షణం ఎదురవుతుంది, అదీ మొహమాటం లేకుండా, పెద్ద గొంతుతో. ఇంట్లో హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు ఈ ప్రిల్యూడు నాకు గందరగోళంగా అనిపించింది. అద్దె గ్రాండ్ మీద మొదటిసారి వాయించినప్పుడు మంద్రస్థాయి తీగలు బెంచీ గుండా వెన్నులోకి పలికాయి, ఇన్నాళ్లూ ఏమి పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది. పొడవైన మంద్రపు తీగలు మోగుతుండగా పైన రాసుకునే స్వరాలకు ఒక నేల దొరుకుతుంది, చెవి వాటిని తప్పులుగా కాక గాలివానలోని పోట్లుగా అందుకుంటుంది. ఆ రోజు ఇంటికి వచ్చి ఈ కేంద్రానికి మనసులో ఐదు నక్షత్రాలు వేసేశాను.

తొందరపడ్డానని మూడో ప్రిల్యూడు చెప్పింది.

మూడోది నిదానంగా, నిరాడంబరంగా వాయించవలసినది. ఆ ‘నిరాడంబరంగా’ అన్న సూచన స్వరకర్తే రాసింది. నాలుగింటిలో వేళ్లకు అన్నిటికన్నా తేలిక అది, పల్లెపాటలా సాగుతుంది, ఒక మోస్తరు విద్యార్థి వారం రోజుల్లో చదివేయగలడు. నవంబరులో, ఈశాన్య రుతుపవనాలు జోరుగా ఉన్న ఒక బుధవారం సాయంత్రం, తడిసిన చెప్పులు బయట విడిచి వచ్చి మొదటిసారి దాన్ని గ్రాండ్ మీద వాయించాను. పాట నడిమి స్థాయిలో ఒక స్వరం దగ్గర ఆగినప్పుడల్లా ‘వాఁవ్, వాఁవ్’ మంటూ అల లేచినట్టు వినబడింది. నేనే తప్పు నొక్కానేమోనని మళ్లీ వాయించాను. స్వరాలను సాగదీసే పెడల్ ఎక్కువగా తొక్కానేమోనని పాదం తీసేసి వాయించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అవుతుందేమోనన్న సంకోచంతో ఆ గంటంతా నన్ను నేనే తప్పుపట్టుకుంటూ గడిపాను.

ఇంటికి వచ్చాక ప్రశాంతంగా ఆలోచిస్తే, పియానో ముందు కూర్చున్న నా చెవికి మూడు రకాల అపశ్రుతులు వినబడుతున్నాయని అర్థమైంది, ఇన్నాళ్లూ ఆ మూడింటినీ కలిపేసి వింటున్నానని కూడా. మొదటిది కప్రాలోవా కావాలని రాసినది. దాన్ని దాచకుండా వాయించాలి. రెండోది పియానో అనే వాద్యం పుట్టుకలోనే ఉన్నది. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి శ్రుతి కట్టడం వల్ల, తంబురాలో దానంతట అదే పలికే అంతర గాంధారం కన్నా పియానో గాంధారం, అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే అందులో దాదాపు పద్నాలుగు భాగాలు హెచ్చుగా ఉంటుంది. వీణ విన్న చెవికి అది చిన్న తేడా కాదు, అయినా దానికి అలవాటు పడక తప్పదు. వయొలిన్ మన కచేరీలోకి వచ్చి మనదే అయిపోయి, పియానో మాత్రం గుమ్మం బయటే ఉండిపోవడానికి గమకం పలకకపోవడంతో పాటు ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. మూడో అపశ్రుతి పూర్తిగా యజమాని బాధ్యత. పియానోలో నడిమి, తార స్థాయిల్లో ఒక్కొక్క మెట్టుకు మూడేసి తీగలుంటాయి. సుత్తి ఆ మూడింటినీ ఒకేసారి కొడుతుంది. ఆ మూడూ అణువంత తేడా లేకుండా ఏకశ్రుతిలో ఉండాలి. వాటిలో ఒక్క తీగ శ్రుతి తప్పినా నేను విన్న ఆ అల పుడుతుంది.

మొదటి ప్రిల్యూడు ఈ మూడింటినీ విడదీయనివ్వదు. అంత దట్టమైన రాపిడిలో స్వరకర్త రాసినదేదో, తీగ శ్రుతి తప్పి పలికినదేదో చెప్పడం అసాధ్యం. పాత పియానోకు అది మంచి ముసుగు. మూడోదానిలో ఒక్కొక్క స్వరం ఒంటరిగా వచ్చి నిలబడుతుంది, దాని చుట్టూ దాక్కోవడానికి ఏమీ ఉండదు. అద్దెకు పియానో చూసేటప్పుడు ఎవరైనా తమకు వచ్చిన పెద్ద జోరైన ముక్క వాయించి చూస్తారు. నేనైతే ఇకపై ఎక్కడికి వెళ్లినా ముందు ఈ మూడో ప్రిల్యూడులోని మొదటి పుట వాయించి, తరువాతే డబ్బు తీస్తాను.

యజమానికి చెప్పాను. డెబ్బై దాటిన మనిషి, మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం, తమిళపు యాసతో తెలుగు మాట్లాడతారు. ‘వానకాలంలో పియానో కూడా జలుబు చేసినట్టే పలుకుతుందమ్మా, సంక్రాంతి దాటితే దానికదే సర్దుకుంటుంది’ అన్నారు. ‘సంక్రాంతి దాకా అద్దె కూడా సగమే ఇవ్వమంటారా సార్’ అని అడిగాను. నవ్వి, పదిహేను రోజుల్లో శ్రుతి కట్టే ఆయనను పిలిపిస్తానన్నారు. పదిహేను రోజులు అన్నది నెలన్నర అయింది. పిలిపించిన రోజున నన్నూ రమ్మని కబురు పెట్టారు, అది మాత్రం నేను మరచిపోలేని మర్యాద.

శ్రుతి కట్టడానికి వచ్చిన పెద్దాయన పెరంబూరు నుంచి బస్సులో వచ్చారు. చేతిలో తోలు సంచి. అందులో శ్రుతి మీటే ఇనుప కొక్కెం, రబ్బరు మేకుల్లాంటి అడ్డుముక్కలు, సెకనుకు 440 కంపనాలు పలికే శ్రుతిదండం. పొడుగాటి ఫెల్టు పట్టీని నడిమి స్థాయి తీగల మధ్య దూర్చుకుంటూ వెళ్లి, ప్రతి మెట్టుకూ మూడింటిలో మధ్య తీగ ఒక్కటే మోగేలా చేశారు. ఆ మధ్య తీగలను ఒకదానితో ఒకటి సరిచూసుకున్నాక, పట్టీని కొంచెం కొంచెం లాగుతూ పక్క తీగలను ఒక్కొక్కటిగా మధ్య తీగకు కలిపారు. నేను విన్న అల అక్కడ నెమ్మదించి, సాగి, ఒక చోట ఆగిపోయింది. ఆగిన ఆ క్షణంలో స్వరం గట్టిపడ్డట్టు, దీపం వత్తి ఎగదోసినట్టు వినబడింది. ఆయన కొక్కెం తిప్పినట్టే లేదు, మణికట్టు బరువు వేసి తీశారంతే. రెండున్నర గంటలు పట్టింది.

వెళ్లబోయే ముందు ఆయన ఏసీ వైపు చూపించారు. దాని రెక్కలు తిన్నగా తెరిచిన మూతలోకి గాలి కొడుతున్నాయి. ఉక్కు తీగలు చల్లబడితే బిగుసుకుంటాయి, శ్రుతి నిమిషాల్లో పైకి జరుగుతుంది. కింద ఉన్న చెక్క ఫలకం మాత్రం గాలిలోని తేమను రోజుల తరబడి పీల్చుకుని ఉబ్బి తీగలను తనదైన తీరులో ఎగదోస్తుంది. ఈ కేంద్రంలో అద్దెదారు ఉన్న గంట సేపే ఏసీ వేస్తారు, వెళ్లగానే ఆపేస్తారు. చలి, ఉక్క, మళ్లీ చలి, మళ్లీ ఉక్క, ఇలా రోజుకు ఐదారు సార్లు. బల్బు పెట్టిన చెయ్యే ఏసీ మీట ఆపేస్తున్నదన్నమాట. గాలి తీగల మీద పడనివ్వవద్దు, వేస్తే నిలకడగా వేసి ఉంచండి అని పెద్దాయన తమిళంలో చెప్పారు. ఏసీ రెక్కలు ఆ రోజే గోడ వైపు తిప్పారు. నిలకడగా వేసి ఉంచడం మాత్రం కరెంటు బిల్లు ముందు నిలబడలేదు. ఇంత జరిగినా జనవరి నుంచి ఫిబ్రవరి నడుమ వరకు ఆ పియానో నేను విన్న అద్దె పియానోలన్నిటిలోకీ మేలుగా పలికిందని ఒప్పుకోవాలి.

రెండో ప్రిల్యూడు సాధన ఆ మంచి రోజుల్లోనే సాగింది. ఇదీ నిదానమైనదే గాని మూడోదానిలా అమాయకమైనది కాదు. లోపలెక్కడో మొదలైన ఆలోచన మాటల్లోకి రాబోయి వెనక్కి తగ్గినట్టు ఉంటుంది, మధ్యలో ఒక్కసారి ఉద్వేగం పొంగి మళ్లీ సద్దుమణుగుతుంది. వాయించేవారి కుడి పాదం మీదే దాని అందమంతా ఆధారపడింది. పెడల్‌ను సగం మాత్రమే వదిలి, పాత స్వరాల పొగ కొంచెం మిగలనిచ్చి, కొత్త స్వరాన్ని ఆ పొగలోకి దింపాలి. నా డిజిటల్ పియానోలో పెడల్ ఎంత వదిలితే ఎంత పొగ మిగులుతుందో యంత్రం ముందే నిర్ణయించిపెట్టింది. ఇక్కడ పాదం కింద తడిగుడ్డలాంటి ఫెల్టు తీగలను తాకడం తెలుస్తుంది. ఎడమ పెడల్ మాత్రం కిర్రుమంటుంది. గ్రాండ్ పియానోలో ఆ పెడల్ తొక్కితే మెట్ల వరుస మొత్తం కొంచెం కుడికి జరిగి సుత్తులు తక్కువ తీగలను తాకుతాయి, స్వరం మెత్తబడుతుంది. ఇక్కడ మెత్తదనం వచ్చేలోపు ఆ కిర్రు వస్తుంది, అతి నెమ్మదైన చోట అది తలుపు గడియలా వినబడుతుంది. నూనె చుక్క వేయమని రెండుసార్లు అడిగాను. వేశారో లేదో తెలియదు, కిర్రు అలాగే ఉంది.

ఒక శనివారం గది బయట నా వంతు కోసం ఎదురుచూస్తూ యజమానితో మాట్లాడుతున్నప్పుడు, ఈ కృతి రాసినావిడ ఎవరమ్మా అని అడిగారు. వారిది సినిమా స్టూడియోల వీధుల్లో పెరిగిన తరం, పియానో అంటే విందు జరుగుతున్న మేడ, మెలికల మెట్లు, గుండె పగిలిన నాయకుడు వాయిస్తూ పాడే పాట. నేను చెప్పాను. ఈ కృతి రాసిన సంవత్సరమే శరత్కాలంలో ఆమె ఫ్రెంచ్ ప్రభుత్వపు ఉపకార వేతనంతో పారిస్ వెళ్లింది, అక్కడ చెక్ స్వరకర్త మార్టినూ దగ్గర స్వరరచనకు మెరుగులు దిద్దుకుంది. 1938 జూన్‌లో లండన్‌లో అంతర్జాతీయ సమకాలీన సంగీతోత్సవంలో తన ‘మిలిటరీ సిన్ఫొనియెట్టా’ను బీబీసీ వాద్యబృందంతో తానే నిర్వహించింది. చిత్రకారుడు ఆల్ఫోన్స్ ముఖా కుమారుడు, రచయిత యిర్జీ ముఖాను 1940 ఏప్రిల్‌లో పెళ్లాడింది. ఆ జూన్ 14న జర్మన్ సైన్యం పారిస్‌లోకి ప్రవేశించింది. 16న ఆమె దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే ఆసుపత్రిలో జబ్బుతో చనిపోయింది. ఇరవై ఐదేళ్లు. యజమాని కాసేపు మాట్లాడలేదు, తరువాత లోపలి విద్యార్థి సమయం అయిపోయిందని తలుపు తట్టారు. ఆ రోజు నాకు పది నిమిషాలు ఎక్కువ ఇచ్చి దాని లెక్క కట్టలేదు.

ఆ కథ విన్నాక కృతిలో విషాదం వెతకడం తేలిక, నేనూ కొన్నాళ్లు ఆ పని చేశాను. అయితే నాలుగో ప్రిల్యూడు దానికి ఒప్పుకోదు. అది చురుకైన నాట్యం, పోల్కా అనే చెక్ జానపద నృత్యపు అడుగుల పోలిక ఉన్నది, ఉల్లాసం ఉన్నది, కొంటెతనం కూడా ఉంది. 1937 నాటి ఆ అమ్మాయికి మూడేళ్ల తరువాతి సంగతి తెలియదు. ఆమె వేళ్లలో ఉన్నది మంచి పియానిస్టు చేతికి పని పెట్టాలన్న సరదా. ఆ సరదా తీరాలంటే నొక్కిన మెట్టు వెంటనే లేవాలి. గ్రాండ్ పియానోలో మెట్టు పూర్తిగా పైకి రాకముందే సుత్తిని మళ్లీ కొట్టించే ఏర్పాటు ఉంటుంది, 1821లో ఎరార్ అనే ఫ్రెంచ్ తయారీదారు కనిపెట్టినది. నిలువు పియానోలో ఆ సౌకర్యం ఉండదు. ఒకసారి గ్రాండ్ ఖాళీ లేక మొదటి గదిలోని నిలువు పియానో మీద నాలుగోదాన్ని వాయించబోతే, గుర్రపు పందేనికి ఎద్దుబండి కట్టుకుని వెళ్లినట్టయింది. దానికోసమైతే రెండు వందలు ఆదా చేసుకోవద్దు. గ్రాండ్ మీద కూడా తారస్థాయిలో ఒక నల్ల మెట్టు తేమకు ఉబ్బి బద్ధకించేది. నొక్కితే దిగుతుంది, లేవడానికి మాత్రం ఆలోచిస్తుంది. నాట్యంలో ఆ మెట్టు వచ్చినప్పుడల్లా ఒక అడుగు తప్పేది. ఫిబ్రవరి పొడి గాలికి అదే బాగుపడింది, యజమాని సంక్రాంతి సిద్ధాంతం ఆ ఒక్క మెట్టు విషయంలో నిజమైంది.

ఇక సేవ సంగతి. వాట్సాప్‌లో సమయం అడిగితే గంటలోపే జవాబు వస్తుంది, ఇచ్చిన సమయానికి గది ఖాళీగానే ఉంటుంది, నా ఆరు నెలల్లో ఒక్కసారే ముందువారి వల్ల ఆలస్యమైంది. గ్రేడు పరీక్షలు దగ్గరపడే వారాల్లో మాత్రం సాయంత్రాలు దొరకవు, గది నిండా పిల్లలు, వరండా నిండా తల్లిదండ్రులు. నా ఫిర్యాదు మార్చి రెండో వారానిది. నా గంట మొదలైన పన్నెండు నిమిషాలకు కరెంటు పోయింది. పియానోకు కరెంటు అక్కరలేదు గనుక గంట లెక్కలోకి వస్తుందని యజమాని వాదన. కిటికీ లేని గదిలో చీకట్లో, ఉక్కలో, స్వరలిపి కనబడకుండా వాయించలేనని నా వాదన. ఇద్దరి వాదనా సరైనదే కావచ్చు, అయితే ఏడు వందల అడుగుల దూరంలో జనరేటరు అద్దెకిచ్చే దుకాణం ఉన్న వీధిలో ఒక చిన్న ఇన్వర్టరు పెట్టుకోకపోవడం ఎవరి తప్పో వారే ఆలోచించుకోవాలి. నేను ఫోను దీపం వెలుగులో రెండో ప్రిల్యూడు కొంత వాయించి లేచి వచ్చేశాను. ఆ గంటనే ఇంకా తేల్చుకోలేదు.

ఎవరు వెళ్లవచ్చు అంటే, ఇంట్లో డిజిటల్ పియానో మీద ముక్క నేర్చుకుని, అసలు తీగల మీద అది ఎలా నిలబడుతుందో వినాలనుకునేవారు తప్పక వెళ్లవచ్చు. రికార్డింగుకు పనికిరాదు, ఆటోల హారన్లు ఎలాగూ ఒప్పుకోవు. కొత్తగా మొదలుపెట్టే చిన్న పిల్లలకు ఆ ఎగుడుదిగుడు బెంచీ వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వెళ్లేవారు శ్రుతి కట్టి ఎన్నాళ్లయిందో ముందే అడగాలి, అడిగితే దాచకుండా చెబుతారు. ఏసీ రెక్కలు మళ్లీ పియానో వైపు తిరిగి ఉంటే మీరే గోడ వైపు తిప్పుకోండి, ఎవరూ ఏమీ అనరు. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఎడమ పెడల్ కిర్రు పోతే నాలుగు.

ఏప్రిల్‌కు మళ్లీ ఎనిమిది గంటలు తీసుకున్నాను, ఆదివారం పొద్దున్న ఏడు గంటల సమయం. ఆటోలు అప్పటికి నిద్ర లేవవు, వీధి చల్లబడి ఉంటుంది, ఏసీ అవసరం లేకుండానే మూడో ప్రిల్యూడు వాయించుకోవచ్చు. ఆ సమయం ఇంకెవరైనా అడిగితే కొంచెం ఆగమని చెప్పమని యజమానికి ముందే చెప్పిపెట్టాను.